చుట్టూ కోసుకొచ్చిన చేను

ఫణీంద్రకు కోపం వచ్చి నాలుగు రోజులైంది, ఇంకా దిగలేదు. ఐదో రోజు పొద్దున్నే వెళ్ళి అచ్యుతస్వామి ముందు నిలబడ్డాడు. స్వామి ఆశ్రమం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"స్వామీ, నాంచారయ్య వెళ్ళిపోతానంటున్నాడు. కోత అవగానే వాళ్ళ చెల్లెలి ఊరు పోతాడట."

"విన్నాను."

"ఉంటే ఉండనివ్వండి, పోతే పోనివ్వండి. కానీ పోయేముందు ఒక్క మాట ఒప్పుకోవాలి. అబద్ధమాడానని ఒప్పుకోవాలి."

స్వామి ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నారు.

"నేనన్నదాంట్లో తప్పుంటే చెప్పండి," అన్నాడు ఫణీంద్ర.

"లేదు నాయనా. నాకూ ఏం కనిపించలేదు."

ఆ మాటతో అతని కోపం చల్లారాలి. చల్లారకపోగా ఇంకాస్త పెరిగింది.

సంగతేమిటంటే, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న ఆ ఆశ్రమానికి ఎనిమిదెకరాల వరిచేను ఉంది. రోజూ మధ్యాహ్నం అరవై మంది తినే అన్నం ఆ చేలోదే. ఇరవై రెండేళ్ళుగా దాన్ని చూస్తున్నది నాంచారయ్య. కొడవలి పట్టే కూలీలు దొరక్క రెండేళ్ళు ఇబ్బంది పడ్డాక ఒక భక్తుడు కోత మిషను కొనిపెడతానన్నాడు. నాంచారయ్య ఎవర్నీ అడక్కుండా, తెలిసినాయన దగ్గరున్న టైర్ల మిషను తీసుకుంటామని మాటిచ్చి వచ్చేశాడు.

ఫణీంద్ర ఆశ్రమంలో చేరి రెండేళ్ళే అయింది. అంతకుముందు ట్రాక్టర్ల వర్క్‌షాపులో పనిచేశాడు. మిషన్ల సంగతి అతనికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఆ విషయం కూడా అతనికి బాగా తెలుసు.

"టైర్ల మిషను గట్టినేలకు," అన్నాడు ఆ సాయంత్రం భజన అయ్యాక, అందరూ ఉండగానే. "మనది జిగట నేల. దిగబడిందంటే ఇంకో మిషను తెచ్చి లాగాలి. మనకు కావలసింది ఇనుప చైను మీద నడిచేది. నాంచారయ్య గారూ, నేల చూసే మాటిచ్చారా?"

అంతవరకు రెండేళ్ళూ 'బాబాయ్' అని పిలిచినవాడు ఆ పూట 'గారూ' అన్నాడు. అక్కడే తెలిసిపోవలసింది.

"చూశాను. చెప్పులు విడిచి మడమతో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది," అన్నాడు నాంచారయ్య.

మడమ దిగితే టైరూ దిగుతుందని ఆ నేల మీద బతికేవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఫణీంద్ర అందర్నీ వెంటేసుకుని, ఆ ఎనిమిదెకరాల్లో పెద్దదైన ఐదెకరాల చేను గట్టు మీదకి నడిచాడు. నాంచారయ్యను దిగి నొక్కమన్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి చెప్పులు విడిచి దిగాడు. కాలు చీలమండ దాకా దిగబడింది.

"నేను చూసినప్పుడు గట్టిగా ఉంది."

"ఎప్పుడు చూశారు?"

"పోయిన సోమవారం."

"సోమవారం చేలో నీళ్ళున్నాయి. బుధవారం తూము మూసింది నేనే."

"అయితే శుక్రవారం సాయంత్రం అయ్యుంటది."

"శుక్రవారం సాయంత్రం మీరు పెళ్ళికెళ్ళారు. గుత్తొంకాయ బావుందని మాకే చెప్పారు."

ఎవరో నవ్వారు. నాంచారయ్య కాలు ఇంకా బురదలోనే ఉంది. తీస్తే అందరికీ కనిపిస్తుందని తీయలేదు కాబోలు.

"చూడలేదని ఒప్పుకోండి," అన్నాడు ఫణీంద్ర. "ఒక్క మాట. అయిపోతుంది."

నాంచారయ్య ఒప్పుకోలేదు. "మిషను ఏదైనా, కోసేటప్పుడు కాలవ వైపు వదిలి..." అని ఏదో చెప్పబోయాడు.

"ఇక చేను సంగతి మీరు మాట్లాడకండి."

నాంచారయ్య కాలవలో కాలు కడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు టైర్ల మిషనాయనకు వద్దని కబురు వెళ్ళింది, మూడో రోజుకు చైను మిషను వచ్చింది. నాంచారయ్య సంచీ సర్దుకున్నాడు.

ఇదీ జరిగింది. ఫణీంద్ర చెప్పిన ప్రతి మాటా నిజమే.

"ఇవాళే కదా కోత?" అన్నారు స్వామి, చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి. "నేనూ వస్తాను."

మంచు ఆరాక, పది గంటలకు ఫణీంద్ర మిషను ఎక్కాడు. తడి మీద కోస్తే గడ్డి చుట్టుకుంటుంది. అంతసేపూ ఆగగలిగినవాడే ఓర్పుగల డ్రైవరు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఫణీంద్ర మంచి పనివాడు. పడిపోయిన పంట దగ్గర ముందుభాగాన్ని కిందికి దించి మెల్లగా పోనిచ్చేవాడు. కంకుల్ని లోపలికి లాగే రీలు మరీ జోరుగా తిరిగితే గింజ రాలుతుందని, నెమ్మదిగా తిప్పేవాడు. లోపల నూర్పిడి చప్పుడు కాస్త బరువెక్కగానే చూడకుండానే వేగం తగ్గించేవాడు. వెనక గడ్డిలో పిడికెడు గింజలు కూడా పోవడం లేదు.

గట్టు వెంబడి మొదలుపెట్టి చేను చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకొచ్చాడు. అలా కోస్తే మిషను వెనక్కి తిప్పుకునే పని ఉండదు, కాలం కలిసొస్తుంది. ఒక్కో చుట్టుకూ మధ్యలో పంట చిన్నదవుతూ వచ్చింది.

మధ్యాహ్నం దాటాక గట్ల మీద జనం చేరడం మొదలైంది. ఒకరిద్దరు కాదు, పాతికమంది. పక్క పేట వీరాకమ్మ తన ఇద్దరు కొడుకుల్నీ, రెండు కుక్కల్నీ వెంటపెట్టుకొచ్చింది. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో గోనెసంచులు. మెల్లగా గట్టు దిగి, కోసిన దుబ్బు మీద చుట్టూ నిలబడ్డారు.

కొత్త మిషను చూడటానికి వచ్చారనుకున్నాడు ఫణీంద్ర. కాదు, తన పనితనం చూడటానికి వచ్చారనుకున్నాడు. కర్రలెందుకని గానీ సంచులెందుకని గానీ ఒక్కసారీ అనుకోలేదు. పైనుంచి చెయ్యి కూడా ఊపాడు.

నాలుగయ్యేసరికి మధ్యలో రెండు గదుల ఇల్లంత కోయని పంట చెక్క మిగిలింది. ఇంకో రెండు చుట్లు తిరిగితే అయిపోతుంది. దూరపు మూల దగ్గర మలుపు తిరిగి మళ్ళీ పంటకు ఎదురొచ్చాడు. జనమంతా ఒక్కసారిగా చేతులెత్తారు. అరుస్తున్నారు. ఇంజను హోరులో ఏమీ వినపడలేదు. అతనూ నవ్వుతూ చెయ్యెత్తాడు.

అప్పుడు నాంచారయ్య కనిపించాడు. తలపాగా ఊడదీసి ఊపుతూ, దుబ్బుల్లో పడి, లేచి, పరుగెత్తుకుంటూ వచ్చి సరిగ్గా మిషను ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

అక్కసు ఇంకా తీరలేదన్నమాట, అనుకున్నాడు ఫణీంద్ర. ఆ క్షణంలో అతను నిజంగా అదే అనుకున్నాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆ తలపే అతన్ని పొడుస్తూ వచ్చింది. లివరు లాగి, ఇంజను ఆపాడు.

రీలు ఇంకో అరచుట్టు తిరిగి ఆగింది. దానికి బారెడు దూరంలో, పండిన కంకుల మధ్య, గుండు చేసిన తల ఒకటి కనిపించింది.

కావిగుడ్డ పండిన చేలో కలిసిపోయింది. పైనుంచి చూసినవాడికి అది పంటే. మిషను అటు మలుపు తిరిగినప్పుడు అచ్యుతస్వామి తన చేతికర్ర గట్టున పెట్టి, మిగిలిన ఆ చెక్కలోకి నడిచి వెళ్ళి కూర్చున్నారు. ఎంత స్వామి అయితే మాత్రం అలా చెయ్యొచ్చా అని ఆశ్రమం వంటశాలలో ఈనాటికీ తగువే.

ఫణీంద్ర దిగబోయాడు. మెట్టు అందక జారి దుబ్బుల మీద పడ్డాడు. చెవుల్లో ఇంజను ఇంకా మోగుతూనే ఉంది.

"కళ్ళు నెత్తికెక్కాయట్రా!" అని అరిచాడు నాంచారయ్య. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అతని నోట అంత గొంతు వినలేదు. "ఇంకొక్క బారెడు! ఒక్క బారెడు పోతే ఏమయ్యేదిరా!" అని అక్కడే కూలబడి, చేతిలో తలపాగా గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఫణీంద్ర పాకినట్టుగా పంట దగ్గరకు వెళ్ళాడు.

"స్వామీ," అన్నాడు. "స్వామీ, బయటికి రండి."

"ఎటు రమ్మంటావు?"

ఫణీంద్ర తూర్పు వైపు చెయ్యెత్తాడు. అక్కడ వీరాకమ్మ కుక్కలు నాలుకలు చాచి నిలబడ్డాయి. చెయ్యి పడమటికి తిప్పాడు. అటు కర్రలు ఉన్నాయి. కాలవ వైపు ఇద్దరు మనుషులు గోనెసంచులు పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నారు. నాలుగో వైపు అతని మిషను ఉంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పుడు చూశాడు. స్వామి మోకాలి పక్కన, పొట్ట నేలకు ఆనించి, ఒక బావురుపిల్లి. దాని కడుపు కింద రెండు పిల్లలు. దానికి జానెడు దూరంలో ఒక కుందేలు. వెనకాల కంకుల నీడలో కౌజుపిట్టలు, ఎలుకలు, ఎన్నో లెక్క తెలియలేదు. పిల్లి కుందేలు వంక చూడటం లేదు. కుందేలు పిల్లిని చూసి పారిపోవడం లేదు. అన్నీ అతని వైపే చూస్తున్నాయి.

పొద్దుట పది గంటల నుంచీ, ఒక్కో చుట్టుకూ ఒక్కో బారు, వాటిని అక్కడికి తోలుకొచ్చింది తనే.

"ఎటు రమ్మంటావు, నాయనా?" అన్నారు స్వామి మళ్ళీ. గొంతు పెంచలేదు.

ఫణీంద్ర లేచాడు. తూలుతూ కాలవ వైపు వెళ్ళి, సంచులు పరిచిన వాళ్ళిద్దరి ముందూ చేతులు జోడించాడు. వాళ్ళు అతని ముఖం చూసి సంచులు ఎత్తి పక్కకు జరిగారు.

"మరి మా కూరో?" అంది వీరాకమ్మ. ఆవిడ అడగడంలో తప్పేం లేదు. ఏటా చివరి చెక్క దగ్గర దొరికే మాంసమే ఆ పేటకు ఆ వారం కూర.

"ఈ పూట మా పప్పు తిని పోండమ్మా," అన్నారు కంకుల్లోంచి స్వామి.

"పప్పేనా," అంటూనే ఆవిడ వంగి రెండు కుక్కల మెడలూ గట్టిగా పట్టుకుంది.

కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత కుందేలు ఒక్క గెంతు గెంతింది. దాని వెనక పిట్టలు, ఎలుకలు, అన్నీ. పిల్లి మాత్రం ఒక కూనను నోట కరుచుకుని దుబ్బులు దాటి కాలవ గట్టున జమ్ములోకి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. అంతమంది మనుషుల మధ్యలోంచి రెండో కూన కోసం మళ్ళీ వచ్చింది. వీరాకమ్మ పట్టుకున్న కుక్కలు మూలిగాయి.

అన్నీ వెళ్ళాక స్వామి లేచి, అవి వెళ్ళిన వైపు నుంచే బయటికి వచ్చారు.

ఆ చెక్కను ఆ సాయంత్రం ఎవరూ కొయ్యలేదు. ఫణీంద్ర అన్నం దగ్గర కూర్చున్నాడు గానీ ముద్ద నోటిదాకా పోలేదు. స్వామి దగ్గరకు వెళ్ళి, "స్వామీ, గట్టు మీద ఆయన్ని నేను..." అని ఆగిపోయాడు.

"రేపు పొద్దున మిగిలిన మూడెకరాల మడి కొయ్యాలి," అన్నారు స్వామి. "పోయి పడుకో."

మర్నాడు వంటశాల అరుగు మీద నాంచారయ్య సంచీ కట్టి ఉంది. ఆయన దాని పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఎదురుగా మూడెకరాల మడి. అది కాస్త మెరక. కూరలు తరిగేవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ అందరూ అక్కడే ఉన్నారు.

ఫణీంద్ర మిషను ఎక్కలేదు. చెప్పులు విడిచి మడిలోకి దిగి, మడమతో గట్టిగా నొక్కాడు. మడమ దిగలేదు. ఇంకో చోట నొక్కాడు. అక్కడా దిగలేదు.

"బాబాయ్," అని పిలిచాడు.

నాంచారయ్య తలెత్తాడు.

"ఈ మడి గట్టిగా ఉంది, బాబాయ్. ఆ రోజు నువ్వు చూసింది ఈ మడేనేమో. నేనే పొరబడి నిన్ను పక్క చేలోకి దింపాను."

కూరలు తరిగే కత్తిపీటల చప్పుడు ఆగింది. నాంచారయ్య నేల మీద ఆనిన ఫణీంద్ర మడమ వంక చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"కాదబ్బాయ్," అన్నాడు. "నేను ఏ మడీ చూళ్ళేదు. ముందే మాటిచ్చేశాను. మీ అందరి ముందూ చెప్పుకోడానికి సిగ్గేసింది."

ఫణీంద్ర అలా నిలబడిపోయాడు. నాలుగు రోజులు అన్ని దారులూ మూసి అడిగినా రాని మాట అది.

నాంచారయ్య లేచి తలపాగా చుట్టుకున్నాడు.

"రోడ్డు వైపు నించి మొదలెట్టు. కాలవ వైపు ఆఖర్న కొయ్యి, వాటికి దారుంటది," అని గట్టు మీదకి ముందు నడిచాడు.

అరుగు మీది సంచీని అచ్యుతస్వామి తీసుకెళ్ళి లోపల పెట్టారు.