మేస్త్రి ఒళ్ళో మిషన్

ఎనిమిదేళ్ళు గడిచినా పకీరయ్య మేస్త్రి తనను ఒక్క పనికీ ఒంటరిగా పంపలేదన్నది చెన్నకేశవులు బాధ. బాధంటే అంతా ఇంతా కాదు. అన్నం ముందు కూర్చున్నా అదే, పడుకున్నా అదే.

వడ్రంగంలో అతని పనితనానికి వంక పెట్టేవాళ్ళు మైదుకూరులో లేరు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, పెళ్ళయినవాడు, ఇంకా మేస్త్రి వెనకాల సంచి మోసుకుని తిరగాలంటే రోషం రాదూ మరి?

అంతలో బద్వేలు నుంచి కబురొచ్చింది. అక్కడి బడికి పుస్తకాల బీరువాలు చేయాలి. పది రోజుల పని. ఆ రోజు పదకొండు దాటాక కేశవులు తెగించి అడిగేశాడు.

"మేస్త్రీ, ఈ పనికి నన్నొక్కడినే పంపించండి."

ఉలికి పదును పెడుతున్న పకీరయ్య తల ఎత్తలేదు. మాటల దగ్గర ఆయన మహా పిసినారి.

"ఆ పన్నెండు పలకలు కోయి. మధ్యాహ్నానికి చెప్తా," అన్నాడు.

చెప్పొద్దూ, కేశవులుకు ఏనుగెక్కినంత సంబరమైంది. పన్నెండు పలకలెంత! కొత్త మిషన్ ఉండనే ఉంది. వైరు లేదు, ప్లగ్గు లేదు. బ్యాటరీ తగిలించి మీట నొక్కితే గుండ్రటి బ్లేడు గిర్రున తిరిగి, టేకు పలకను దోసకాయ కోసినట్టు కోసేస్తుంది.

ఒక్కటే చిరాకు. ఆ బ్లేడుకు ఒక గార్డు ఉంటుంది. కోసేటప్పుడు చెక్క తగిలి పక్కకు జరుగుతుంది, కోత అయిపోగానే స్ప్రింగుతో తిరిగొచ్చి బ్లేడును మూసేస్తుంది. ఒక్కోసారి అది చెక్క అంచుకు తట్టుకుని చేతికి అడ్డం పడుతుంది. కేశవులు దాన్ని పైకి లాగి, కట్టుకంబితో బిగించి కట్టేశాడు. పని తెలిసినవాడికి కాపలా ఎందుకని అతని ధీమా.

మూడు పలకలు చూస్తుండగానే తెగిపోయాయి. ఒక్కో కోత అవగానే మీట వదలడం, మిషన్‌ను తన కుడికాలి పక్కన నేల మీద వాల్చేయడం, ఇంకో పలక అందుకోవడం. మీట వదిలినా బ్లేడు వెంటనే ఆగదు గదా! కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాను గాలికి లుంగీ అంచు ఒకసారి ఆ బ్లేడు దాకా ఎగిరి వెనక్కొచ్చింది. కేశవులు అది చూసుకోనేలేదు, మనసంతా బద్వేల్లో ఉంది.

మేస్త్రి ఉలి పక్కన పెట్టి లేచాడు. తన చిన్న పీట తెచ్చుకుని, సరిగ్గా కేశవులు కుడికాలి పక్కన, మిషన్ పెట్టే చోటే వేసుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ, మీరీడ కూర్చుంటే నేను మిషన్ యాడ పెట్టాల?"

"నా ఒళ్ళో పెట్టు."

కేశవులుకు నవ్వొచ్చింది. ముసలాయన ఇవాళ హుషారుగా ఉన్నాడనుకున్నాడు. నాలుగో పలక కోశాడు, మీట వదిలాడు, అలవాటు కొద్దీ చెయ్యి కిందికి దించాడు.

మేస్త్రి రెండు చేతులూ చాపి, ఒడి చూపిస్తూ కూర్చుని ఉన్నాడు. పైన తెల్ల లుంగీ. దానికి బెత్తెడు దూరంలో బ్లేడు సన్నగా కూతపెడుతూ తిరుగుతోంది.

కేశవులు చెయ్యి అక్కడే ఆపేసి, మెల్లగా వెనక్కి తీసుకుని, మిషన్‌ను గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. పళ్ళు ఒక్కొక్కటీ కనబడుతూ, చివరికి బ్లేడు నిలిచింది. అన్నేళ్ళ పనిలో ఆ కాసేపు ఎంత పొడుగో అతనికి ఎన్నడూ తెలిసిరాలేదు.

మేస్త్రి మిషన్ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఊఁ, ఇంకోటి కోయి," అంటూ తిరిగిచ్చాడు.

కేశవులు కోయలేదు. ముఖం ఎర్రబడింది. గార్డుకు కట్టిన కంబి విప్పుదామని బ్లేడు దగ్గరికి వేలు పోనిచ్చాడు. మేస్త్రి అరచెయ్యి చాపాడు. కేశవులుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నాలుక కరుచుకుని, బ్యాటరీ ఊడదీసి ఆ అరచేతిలో పెట్టాడు. అప్పుడు విప్పాడు కంబి. గార్డు టక్కున వచ్చి బ్లేడును కప్పేసింది.

అక్కణ్ణుంచి పని నడక మారింది. గార్డు బ్లేడును కప్పేసినా సరే, కోయడం, ఆగడం, బ్లేడు నిలిచాక మేస్త్రి ఒళ్ళో పెట్టడం. మేస్త్రి భార్య హుస్సేనమ్మ టీ తెచ్చి, ఆ తంతు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందయ్యా ఇది? ఒళ్ళో పెట్టించుకునేది మనవణ్ణా, మిషన్నా? అరవై దాటినాక బుద్ధి మోకాల్లోకి జారిందా?"

మేస్త్రి టీ తాగాడు, అంతే.

మసీదు నుంచి మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడే వేళకు తొమ్మిదే తెగాయి. మేస్త్రి లుంగీ మీద రంపంపొట్టు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. కేశవులుకు నీరసం వచ్చేసింది. మధ్యాహ్నం అయింది, పన్నెండు పలకలూ కాలేదు. ఇంక బద్వేలు ఎక్కడిది! ఇంకో ఎనిమిదేళ్ళు సంచి మోయడమే.

అయినా పని పనే. పదోది కోశాడు. మీట వదిలి, మిషన్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బ్లేడు నిలిచాక మేస్త్రి లేచిపోయిన పీట పక్కన, తన కాలి దగ్గర పెట్టాడు. పదకొండోదీ అంతే.

టీ గ్లాసులకని వచ్చిన హుస్సేనమ్మ నవ్వింది. "ముసలోడు పాయె గదరా అబ్బోడా! ఇంకా ఎవరి కోసం మొక్కుకున్నట్టు నిలబడినావు?"

కేశవులు కిందికి చూశాడు. చెప్పుల్లేని తన పాదం, ఐదు వేళ్ళూ, పొట్టు పట్టి అక్కడే ఉన్నాయి.

"నేనున్నా గదా పెద్దమ్మా," అన్నాడు.

అంటూ పన్నెండో పలక అందుకోబోతే, గుమ్మంలో మేస్త్రి. నమాజు చేసుకుని ఎంతసేపటి కిందట వచ్చాడో, నెత్తిన టోపీ ఇంకా తియ్యలేదు.

"పదకొండే అయినాయి మేస్త్రీ," అన్నాడు కేశవులు తల వంచుకుని.

మేస్త్రి వచ్చి అతని చేతిలోని పలక తీసుకున్నాడు.

"పన్నెండోది నేను కోసుకుంటాలే. నువ్వు పోయి బట్టలు సర్దుకో. బద్వేలు బస్సు రెండింటికి."