నేలతాడి మడి

ఏడేళ్ళు చాకిరీ చేసిన తనను కాదని, నిన్నగాక మొన్న వచ్చినవాడికి మడి అప్పజెప్పారని తెలిసిన రోజు రేవణయ్యకు అన్నం సహించలేదు.

నల్లమల అంచున శరభయ్యగారి మఠం ఉండేది. ఆయన వైద్యులు. మఠం వెనక ఎకరం నేలలో మందుమొక్కలు పెంచి, వాటి గుణాలూ మోతాదులూ శిష్యులకు నేర్పేవారు. విద్య అందరికీ చెప్పేవారు గాని సంచి అందరికీ ఇచ్చేవారు కాదు. గురువు చేతి మీదుగా మందుల సంచి భుజాన పడ్డాకే శిష్యుడు ఊళ్ళు తిరిగి సొంతంగా వైద్యం చెయ్యాలి. అంతవరకూ నూరడం, వడగట్టడం, నోరు మూసుకుని చూడటం.

ఆ సంచికి ముందు ఒక పని ఉండేది. మడిలో పెంచే నేలతాడి అనే మందుమొక్కకు చలికాలం పోయేసరికి ఆకంతా ఎండిపోయి, గడ్డ మాత్రం నేలలో మిగిలి ఉంటుంది. ఉగాది దాటాక మొదటి వాన పడగానే మళ్ళీ మొలకెత్తుతుంది. దానితోపాటే తుంగ, గరిక, పేరు తెలియని నానా చెత్తా లేస్తాయి. ఆ పసి మొలకల్లో మందేదో కలుపేదో చూసి మడి బాగుచేసే పని గురువు ఎవరికి అప్పజెబితే, ఆ ఏడు సంచి వాడిదే.

ఈసారి ఆ పని ఓబయ్యకు ఇచ్చారు.

ఓబయ్యకు నలభై దాటాయి. అంతకుముందు గొర్రెలు కాసేవాడు. మఠానికి వచ్చి రెండేళ్ళు కాలేదు. అక్షరం ముక్క రాదు. రేవణయ్య సంగతి అలా కాదు. నేలతాడికున్న పదకొండు పేర్లూ నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. అలాంటివాడు కుండలు కడుగుతుంటే గొర్రెలకాపరి మడి దగ్గర కూర్చోవడమా? న్యాయమన్నది ఎక్కడైనా ఉందా అసలు?

వాన పడింది. మడంతా పచ్చగా లేచింది. ఓబయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, పది రోజులు. ఒక్క పరక పీకలేదు.

రేవణయ్య ఆగలేక వెళ్ళి నిలదీశాడు.

“ఏం చేస్తున్నావయ్యా?”

“చూస్తాండా సామీ.”

“పది రోజుల నుంచి చూస్తూనే ఉన్నావు. అక్కడ తుంగ మడినంతా మింగేస్తోంది, కనబడటం లేదూ?”

“కనబడతాండాది సామీ. కొన్నిటి మొగాలు ఇంగా తెలీలేదు. ఈనిన మందలో యా పిల్ల యా తల్లిదో మొదటి దినమే చెప్పలేం గదా. నాలుగు దినాలు చూస్తే తెలుస్తాది.”

“ఇది మంద కాదు, మందుల మడి! నీకు తెలియకపోతే నాకు తెలుసు. లే అక్కణ్ణుంచి.”

“అయ్యోరు నన్ను కూచోమన్నారు సామీ,” అన్నాడు ఓబయ్య మెల్లగా.

ఆ మాటతో రేవణయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు గురువుగారు ఓబయ్యను వెంటబెట్టుకుని చెట్ల బెరడు కోసం అడవిలోకి వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగారో లేదో రేవణయ్య పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. మఠం పరువు కోసమే దిగుతున్నానని తనకు తనే చెప్పుకున్నాడు. తుంగ పీకాడు, గరిక పీకాడు. దారాల్లా నీరసంగా ఉన్న సన్నటి ఆకులనూ తుంచి పారేశాడు. దిట్టంగా, మడతలు మడతలుగా, శ్లోకంలో చెప్పినట్టు అచ్చం చిన్న తాటాకులా ఉన్నవాటిని ఏరి ఉంచాడు. మధ్యాహ్నానికి మడి అద్దంలా తయారైంది.

పొద్దు వాలకముందే వాళ్ళు తిరిగొచ్చారు. ఓబయ్య నెత్తిమీది మూట దించి, గట్టున వాడిపోతున్న కుప్ప ముందు కూలబడ్డాడు.

“ఎంత పని చేసినావు సామీ! నాలుగేండ్ల గడ్డలు! ఈటిల్లో యాది మందో నాకే ఇంగా తెలీదే, అన్నీ పీకినావే!”

“తెలియదట! విన్నారా?” రేవణయ్య గురువు వైపు తిరిగాడు. ఏడేళ్ళుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. “తెలియనివాడికి మడి ఇచ్చారు. తెలిసిన నేను కుండలు తోముతున్నాను. మందుల నిఘంటువు ఎవరు చదివారు? తెల్లవారకముందే లేచి కషాయాలు ఎవరు కాచారు? అన్యాయం స్వామీ, ఇది పచ్చి అన్యాయం!”

శరభయ్యగారు మడిలో మిగిలిన మొక్కలను ఆ కొస నుంచి ఈ కొసదాకా చూశారు.

“ఇవన్నీ నేలతాడేనా?”

“శ్లోకం చదవమంటారా?”

“అక్కర్లేదు.” ఆయనే వెళ్ళి నీళ్ళకుండ తెచ్చి రేవణయ్య చేతికిచ్చారు. “నువ్వు ఉంచినవి. నువ్వే నీళ్ళు పొయ్యి. ఇక ఈ మడి నీదే.”

ఓబయ్య ఏదో చెప్పబోయాడు. గురువు అతనివైపు చూసేసరికి ఊరుకున్నాడు.

నెల రోజులు రేవణయ్య రెండు పూటలా నీళ్ళు మోశాడు. మొక్కలు ఏపుగా ఎదిగాయి. దారిన పోయే ఓబయ్యను పిలిచి మరీ చూపించేవాడు. ఓబయ్య తల వంచుకుని కట్టెలు కొట్టుకోవడానికి వెళ్ళిపోయేవాడు.

వైశాఖ పున్నమి పొద్దున శిష్యులంతా తోటలో చేరారు. శరభయ్యగారు ఖాళీ సంచి చేత్తో పట్టుకుని మడి పక్కన నిలబడ్డారు.

“మన పద్ధతి తెలుసుగా. సంచిలో మొదట పడేది నువ్వు కాపాడిన మడిలోని గడ్డే. తవ్వుకు రా.”

రేవణయ్య పార తీసుకుని మొదటి మొక్క కింద తవ్వాడు. గడ్డ లేదు. పొడవాటి సన్న వేరు, దాన్ని పట్టుకుని ఒక ఈతగింజ. రెండోది తవ్వాడు. అక్కడా ఈతగింజే. మూడోదాని కిందా అదే. కిందటి వేసవిలో ఈతపళ్ళ గంప ముందేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ శిష్యులంతా గింజలు ఉమ్మింది ఈ గట్టు మీద కూర్చునే. అందరికన్నా ఎక్కువ తిన్నది తనే.

సిగ్గు రావలసిన చోట రేవణయ్యకు కోపమే వచ్చింది. మొక్కలను గుప్పిట పట్టుకుని గురువు ముందుకొచ్చాడు.

“మీకు ఆ రోజే తెలుసు!”

“తెలుసు.”

“తెలిసీ నెల రోజులు నాచేత ఈతమొక్కలకు నీళ్ళు పోయించారా? అందరి ముందూ ఇలా నిలబెట్టడానికా? ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?”

“అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.”

రేవణయ్య మొక్కలను నేలకేసి కొట్టాడు.

శరభయ్యగారు సంచిని చంకన పెట్టుకుని మడిలోకి దిగారు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు ఈతమొక్కల నడుమ గడ్డి పక్కకు తొలగించారు. అక్కడ దారంలాంటి సన్నటి ఆకు ఒకటి కొత్తగా లేచి ఉంది. వేలితో మట్టి కదిలించి, కింద ఉన్న నల్లటి గడ్డను రేవణయ్యకు చూపించారు. మళ్ళీ మట్టి కప్పి అరచేత్తో అదిమారు.

“నువ్వు తుంచి పారేసినదే. నేలతాడి గనక మళ్ళీ మొలిచింది, రేవణా,” అన్నారు. “మందు తప్పితే మనిషి మొలవడు.”