ఎర్ర తొడుగు

కెప్టెన్ విశ్వపతిగారి దగ్గర శిష్యులకు ఒకటే ఇబ్బంది. అడిగిన ప్రశ్నకు ఆయన తిన్నగా జవాబు చెప్పరు. "పద, ఓ చుట్టు తిరిగొద్దాం" అని విమానం ఎక్కిస్తారు. దిగేసరికి జవాబు దొరికితే దొరికినట్టు, లేదంటే మళ్ళీ ఎక్కాలి. నలభై ఏళ్ళు పెద్ద విమానాలు నడిపిన మనిషి, రిటైరయ్యాక ఊరి చివరి ఫ్లయింగ్ క్లబ్బులో పిల్లలకు చిన్న విమానం నేర్పుతున్నారు. ఆయన విమానం దింపితే చక్రాలు నేలను తాకిన సంగతి ఒంటికి తెలియదంటారు. ఇవి కోతలు కావు, పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పిన మాటలే.

ఆ ఉదయం హరిణి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆయన దగ్గరే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న పిల్ల. ఎనిమిది నెలలైనా ఉద్యోగం లేదు. ఈలోగా ఒక సంస్థ బ్రిడ్జ్ కోర్సు పెట్టింది. ఒంటరిగా ఎగరడం వచ్చినవాళ్ళకు, పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లు కలిసి ఎలా పనిచెయ్యాలో నేర్పే చదువు అది. ఫీజు వింటే కళ్ళు తిరుగుతాయి. నంద్యాలలో టిఫిన్ హోటల్ నడుపుకునే వాళ్ళ నాన్న గురుమూర్తి, ఆ కోర్సు చేస్తే ఉద్యోగం చేతిలో పెడతారని నమ్మి, ఉన్న ఒక్క హోటలూ బేరం పెట్టేశాడు. ఆ రోజే పది గంటలకు హోటలు అమ్మకం రిజిస్ట్రేషన్. ఉద్యోగం ఇస్తామన్న మాట కాగితాల్లో ఎక్కడా లేదు. హరిణి రెండుసార్లు చదివి చూసుకుంది. కానీ నాన్న ఊరంతా చెప్పుకుని మురిసిపోతుంటే ఆమెకు నోరు పెగల్లేదు. కెప్టెన్‌గారే వద్దన్నారంటే సరిపోతుంది కదా అని ఆశపడి వచ్చింది.

కెప్టెన్ అప్పుడే విమానం చుట్టూ తిరుగుతున్నారు. ఎగిరే ముందు ఒకసారి ప్రదక్షిణం చేసి, ప్రతిదీ చేత్తో తడిమి చూడటం ఆయనకు పూజలాంటిది. హరిణి వెనకే నడుస్తూ తన కథంతా చెప్పుకొచ్చింది. ఆయన ఎడమ రెక్క దగ్గరికి రాగానే ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ కోర్సుకి డబ్బు కట్టమంటారా, వద్దంటారా సార్?"

ఆయన ఆగి, ఆమె వంక చూశారు. ఓ చుట్టు తిరిగొద్దాం పదమంటూ తలుపు తీశారు.

ఎడమ రెక్క కింద వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది. ఎదురుగాలి అందులో దూరితేనే వేగం ఎంతో ముల్లు చూపిస్తుంది. పురుగులు చేరకుండా దానికి ఎర్ర గుడ్డ తొడుగు వేసి, ఎగిరే ముందు తీసేస్తారు. ఆ పూట తొడుగు అలాగే ఉండిపోయింది. హరిణి కళ్ళారా చూసింది. చూసి, గమ్మున వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంది. అంతటి మనిషికి తెలియదా? తెలిసే వదిలేసి ఉంటారు, నన్ను పరీక్షిస్తున్నారు కాబోలు, ఆయనే దిగి తీస్తారులే అనుకుంది. ఇంజను మోగింది. ఇక చెప్పాలనిపించింది. గురువుకు తప్పు చూపించడమా అని బెల్టు బిగించుకుంది. విమానం మెల్లగా కదిలింది.

అప్పుడు సుభానీ అడ్డం వచ్చాడు.

సుభానీ ఆ క్లబ్బులో మెకానిక్కు. అరవై దాటిన బక్కపలచటి మనిషి, బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకానే. షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి, దారి మధ్యన నిలబడి, ఆపమన్నట్టు రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాడు. ఎదురుగా పంకా తిరుగుతోంది. చొక్కా గాలికి రెపరెపలాడుతోంది. మనిషి మాత్రం బెత్తెడు కూడా కదల్లేదు.

కెప్టెన్ ఇంజను ఆపేశారు. సుభానీ వచ్చి తొడుగు లాగి ఆయన చేతికిచ్చాడు. "అయ్యా, ఇది ఉండిపోయింది," అన్నాడు, అంతే.

కెప్టెన్ కిందికి దిగారు. నలభై ఏళ్ళలో ఎవరికీ తల వంచలేదని పేరున్న మనిషి, గ్రీజు చేతుల సుభానీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. సుభానీ సిగ్గుపడిపోయాడు. ఎదురుగా వెళ్ళడానికి భయం వెయ్యలేదా అని హరిణి అడిగితే, భయం వేసింది గనకే నిలబడ్డానమ్మా అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

"నువ్వు చూశావా?" అన్నారు కెప్టెన్.

"చూశాను సార్. మీరు కావాలనే వదిలేశారనుకున్నాను. నాకు పరీక్ష పెట్టారని..."

"పరీక్ష లేదు, ఏమీ లేదమ్మా. నీ మాట వింటూ నిజంగానే మర్చిపోయాను."

హరిణి ఆయన చేతిలోని తొడుగు వంక చూసింది. ఇంతటి మనిషీ మరిచిపోతాడు. ఆ మరపు పక్కనే, అంతా చూస్తూ, మర్యాదగా బెల్టు పెట్టుకుని కూర్చున్నది తాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆయన కోప్పడలేదు. పెద్ద విమానంలో కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో ఎవరున్నా సరే, కుడి సీట్లోవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పి తీరాలన్నారు. ఆ కోర్సులో ముఖ్యంగా నేర్పాల్సింది అదేనట. సరిగ్గా నేర్పేవాళ్ళ దగ్గరైతే పనికొచ్చే చదువే. సుభానీ మాత్రం ఎవరికీ ఫీజు కట్టలేదని కూడా అన్నారు. ఉద్యోగం వస్తుందని ఏ కోర్సూ పూచీ పడదన్నారు.

హరిణికి ఎటూ తేలలేదు. "అయితే నన్నేం చెయ్యమంటారు సార్?" అంది.

కెప్టెన్ వాచీ చూసుకున్నారు. ఎనిమిదీ ముప్పావు అయింది. ఎర్ర తొడుగు ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ ఎడమ రెక్క దగ్గర నుంచి తడమడం మొదలుపెట్టారు.

"రిజిస్ట్రేషనుకి మీ నాన్న ఇంకా ఇంట్లోంచి బయల్దేరి ఉండరు కదమ్మా," అన్నారు.