విత్తనపు మునగ

“సృష్టి మొదట్లో జీవికి తోడు లేదు. తన్ను తానే చీల్చుకుని రెండయ్యేది, రెండు నాలుగయ్యేవి. గరిక ఇప్పటికీ అలాగే పాకుతోంది. ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. అంత సుఖమైన దారి వదిలి ప్రాణులు ఆడదనీ మగదనీ విడిపోయి ఈ తంటా ఎందుకు తెచ్చుకున్నాయి స్వామీ? ఇది తెలివితక్కువ పని కాదా?” అని కేదారి నిలదీసినట్టే అడిగాడు.

నారపయ్యగారు వాదించే మనిషి కాదు. శిష్యుడు ఎంత గట్టిగా అడిగితే అంత నిదానంగా ఎవరో ఒకరి సంగతి ఎత్తుకునేవారు. ఆ రోజు తన మేనత్త ఓబులమ్మ సంగతి చెప్పారు.

ఓబులమ్మ మెట్టినిల్లు పెన్న ఒడ్డున ఏటిగడ్డపల్లె. ఆ ఊళ్లో ఇంటింటికీ మునగతోట. అన్నిటికీ మూలం ఒక్కటే చెట్టు. ఊరిపెద్ద తిప్పారెడ్డి వాళ్ల తాత ఎక్కడినుంచో తెచ్చి నాటినది. మూరెడు కాయ, తియ్యటి కండ. దాని కొమ్మ నరికి ఒకరు, ఆ కొమ్మకు ఎదిగిన కొమ్మ నరికి మరొకరు పాతుకుంటూ పోగా నూరు తోటలయ్యాయి. ఏ చెట్టు కాయ కోసినా అదే పొడవు, అదే రుచి. సంతలో ఆ ఊరి కాయను ఎవరూ బేరమాడేవారు కాదు.

ఓబులమ్మ మాత్రం ఒక ఏడాది నాలుగు కాయలను చెట్టుమీదే ఎండనిచ్చి, గింజలు తీసి అరవై గుంటల్లో పెట్టింది. ఊరు నవ్వింది. తిప్పారెడ్డి నవ్వలేదు. మొలకలు లేవగానే చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు.

“కొండవార చేదు మునగ మీద వాలిన తేనెటీగలే మన పూల మీదా వాలుతున్నాయి. ఆ గింజలో ఏ తండ్రి గుణం దూరిందో ఎవరికెరుక? ఊరి కాయకున్న పేరు చెడగొడతావా? పీకెయ్.”

ఓబులమ్మ గుంటలకు అడ్డంగా నిలబడింది.

“మా అమ్మకు మేం ఆరుగురం, పెద్దాయనా. అమ్మవారు పోసినప్పుడు నలుగురు పోయినారు. నేనూ మా తమ్ముడూ మిగిల్నాం. ఒక కడుపున పుట్టినా ఒక్కొక్కరం ఒక్కో తీరు కాబట్టే మిగిల్నాం. మీరు ఊళ్లో నూరు తోటలున్నాయంటారు. నాకు కనపడేది ఒక్క చెట్టే. దానికి జబ్బు చేస్తే ఎవరు మిగులుతారు? పీకాలంటే ముందు నన్ను పీకండి.”

ఆమె కాయ సంతకు పోయే ఊరి బండి ఎక్కకూడదని కట్టడి చేసి ఆయన వెళ్లిపోయాడు.

మొలిచిన మొక్కలు ఆమె పరువు నిలపలేదు. ఒకటి తాడిలా ఎదిగి పిందే పట్టలేదు. ఇంకొకటి జానెడు కాయ కాసింది, అదీ నార. చాలావరకు నోట పెట్టలేనంత చేదు. “కొమ్మ పాతుకున్నోళ్లు సుఖపడినారు, మనకెందుకే ఈ పాట్లు?” అని మొగుడు లింగన్న విసుక్కునేవాడు. ఆమెకు లోపల బెరుకు లేదని కాదు. ఒక్కో కాయ కొరికి ఉమ్మేసినప్పుడల్లా తనదే తప్పేమో అనిపించేది. నీళ్లు పోయడం మాత్రం మానలేదు.

ఐదో ఏట తుఫాను మీద తుఫాను పట్టింది. వెనకే వేరుకుళ్లు దిగింది. మొదట తిప్పారెడ్డి తోట పసుపు రంగుకు తిరిగింది, వారానికి పక్క తోట, ఆ వెనక వీధంతా. ఒక చెట్టును పడగొట్టిన తెగులుకు రెండో చెట్టు దగ్గర కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేకపోయింది. కార్తీకం వచ్చేసరికి నూరు తోటల్లోనూ కలిపి పిడికెడు మునగాకు దొరకలేదు.

ఓబులమ్మ చెట్లూ నలభైతొమ్మిది కూలాయి. కూలినవాటి మొదళ్లు తడుముతూ ఆమె ఏడ్చింది. పదకొండు నిలబడ్డాయి. వాటిలో ఎనిమిది చేదువి. మూడింటి కాయ తియ్యన.

తిప్పారెడ్డి కొడవలితో వచ్చి వాకిట్లోనే ఆగాడు.

“ఆ మూడింటి కొమ్మలు ఇయ్యి తల్లీ. ఊరంతా పాతుకుంటాం.”

“కొమ్మ ఇయ్యను. గింజలిస్తా, ఎన్ని కావాలన్నా పట్టుకపోండి. చేదు చెట్లవి కూడా కలిపే ఇస్తా.”

“గింజ పెడితే ఏం పుడుతుందో ఎవరికి తెలుసమ్మా?”

“నాకూ తెలీదు పెద్దాయనా. తెగులుకూ తెలీదు.”

ఆయన కొడవలి కింద పెట్టాడు. తరువాత తలగుడ్డ విప్పి, రెండు చేతులా పరిచి పట్టాడు.

ఇంత విన్నా కేదారి తగ్గలేదు. “అయితే కొమ్మ పాతడం తప్పంటారా స్వామీ?” అన్నాడు.

“తప్పని ఎవరన్నారు?” అన్నారు నారపయ్యగారు. “రేపు కూడా నిన్నలాగే ఉంటుందని నీకెవరైనా మాట ఇచ్చి ఉంటే, కొమ్మే పాతుకో నాయనా.”