విసనకర్ర చేతులు మారిన మధ్యాహ్నం

మందారపురంలో గాలి సైతం గంగులు చెప్పినట్టు వినేది! అంటే, నిద్రపోయే రాజుగారికి విసనకర్ర విసిరేవాళ్లలో అతనొకడు లెండి.

వంతు వచ్చినవాడు రోజంతా ఒక్కడే విసరడంతో అందరి మణికట్లూ వాచిపోతున్నాయి. ఘడియకో మనిషి మారాలని మంత్రిని అడగమని గంగుల్ని ముందుకు తోశారు. రాజుగారు కునుకు తీస్తుండగా, విసురుతూనే అడిగాడు గంగులు.

"కూర్చుని ఊపడానికి మార్పెందుకురా?" అని గుసగుసగా కసిరాడు మంత్రి.

"చేతులు జోడించే విన్నవించాలి, రాజుగారు లేచేదాకా గాలి ఆగకూడదు. రెండూ తమరి కట్టుబాట్లే. కాస్త పట్టుకోండి, ప్రభూ!" గంగులు విసనకర్ర అందించి, చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు.

మల్లెవాసనతో గాలి మెల్లగా తేలింది. మంత్రి భుజాలు పీకాయి.

"సరే, ఘడియకో మనిషి!"

గంగులు పలకలేదు.

"మజ్జిగ కూడా!"

ఉహుఁ.

"వారానికో సెలవు! రాసిచ్చేస్తాను, తీసుకోరా!"

బయట తోటివాళ్లు గంగుల్ని భుజాలకెత్తుకున్నారు. "ఎంత మొండివాడివి మామా!"

గంగులు నసిగాడు. "మొండితనం కాదర్రా. మంత్రిగారి గాలికి నిలబడే నిద్రపోయాను."