సన్నాయి లేని మేలుకొలుపు

అనగనగా కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో రాములవారు ఉండేవారు బంగారూ. ఆయన రోజూ ఒక దూదేకుల సాయిబు సన్నాయి విని నిద్రలేచేవారు. నవ్వకు, నిజమే. ఆ సాయిబు పేరు మౌలాలి. పొద్దు పొడవక ముందే గుడి మెట్ల మీద కూర్చుని మేలుకొలుపు ఊదేవాడు. పక్కన యల్లమంద డోలు వాయించేవాడు.

మౌలాలికి కాశింబీ ఒక్కతే కూతురు. తండ్రి దగ్గరే ఊదడం నేర్చుకుంది. ఆ తర్వాత మౌలాలి కన్నుమూశాడు. కాశింబీ కళ్ళు తుడుచుకుని, ఆయన సన్నాయి పట్టుకుని గుడికి వెళ్ళింది.

అప్పటికి గుడికి శేషగిరి అని కొత్త ధర్మకర్త వచ్చాడు. ఆమెను మెట్ల దగ్గరే ఆపేశాడు.

"మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు. ఇక మీ వాయిద్యం వద్దమ్మా," అన్నాడు.

"మా నాన్న ఊపిరంతా ఇక్కడే పోశాడు కదయ్యా," అంది కాశింబీ.

ఆయన వినిపించుకోలేదు. ఎంత పాపమో చూడు. ఆ పిల్ల సన్నాయికి గుడ్డ చుట్టి ఇంటి దూలానికి తగిలించేసింది.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. మేళంలో ఎవరైనా పోతే, ఆ ఏడు ఉత్సవంలో దేవుడి పల్లకీ వాళ్ళ గడప ముందు ఆగాలి. పోయినవాళ్ళ పాట వాయించాకే కదలాలి. మౌలాలి ఇంటి ముందు మాత్రం ఆగేది లేదని శేషగిరి ముందే చెప్పేశాడు.

ఉత్సవం రోజు కాశింబీ తలుపు వెనకాల కూర్చుంది. డోలు మోత దగ్గరయింది. నాన్నని దాటిపోతారనుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు పల్లకీ ఆగింది.

యల్లమంద మేలుకొలుపు ఎత్తుకున్నాడు. తన వంతు వాయించాడు. సన్నాయి వంతు రాగానే చేతులు దించి ఊరుకున్నాడు. మళ్ళీ వాయించాడు, మళ్ళీ ఊరుకున్నాడు. అలా ఊరుకున్నప్పుడల్లా మౌలాలి అందరికీ గుర్తొచ్చాడు.

శేషగిరి నడవమన్నాడు. పల్లకీ మోసేవాళ్ళు కదల్లేదు. ఆ తర్వాత మైకులో పాట పెట్టించాడు. ఎవరో వెళ్ళి దాన్ని ఆపేశారు. ఆఖరికి తనే వచ్చి యల్లమంద చేతిలో డోలుకర్ర పట్టుకున్నాడు.

"ఈ సగం పాటేమిట్రా?"

"నా సగం నేను వాయించానయ్యా. మిగతాది ఆ తలుపు వెనకాల ఉంది."

అప్పుడు జనంలోంచి ఒక ముసలి గొంతు ఆ మిగతా సగం కూనిరాగంగా అందుకుంది. ఆవిడ శేషగిరి తల్లి, రంగనాయకమ్మ.

"నువ్వు పుట్టిన తెల్లవారుజామున నా చెవిలో పడింది ఈ సన్నాయే నాయనా. ఇది మనది కాదని ఎట్లా అనమంటావు?" అంది.

ఆమె వెనక ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత వీధంతా అందుకుంది. రోజూ వింటూ పెరిగిన పాట కదా, రానివాళ్ళు ఎవరున్నారు? లోపల కాశింబీ ఇక ఉండలేకపోయింది. సన్నాయి దించి, ఏడుస్తూనే గడప మీద నిలబడి ఊదింది. శేషగిరి కర్ర వదిలి తల దించుకున్నాడు. పల్లకీ కదిలింది.

ఆ ఒక్క ఏడే ఆగాల్సిన పల్లకీ ఇప్పటికీ ఏటా అక్కడ ఆగుతుంది. ముందు డోలు ఒక్కటే మోగి, సన్నాయి వంతు రాగానే ఆగుతుంది. సన్నాయి చేతిలో ఉన్నా కాశింబీ ఊదదు. ఆ కాస్త ఖాళీ వాళ్ళ నాన్నది. అది ఊరంతా విన్నాకే ఊదుతుంది.

కథ కంచి బాట పట్టింది,
పాట మన తలుపు తట్టింది,
కునుకు నీ రెప్పల్ని చుట్టింది.