జలుబుకు మెటికలు విరిచిన కొండముచ్చు

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముళ్ళపందులు, కొండముచ్చులు కలిసి బతికేవి. అందరిలోకీ పెద్దది ఒక ముసలి ఎలుగుబంటి. చిన్నాపెద్దా దాన్ని ఎలుగవ్వ అని పిలిచేవారు.

ఆ అడవిలో పొడలమ్మ అనే దుప్పి ఉండేది. చలికాలంలో ఎవరైనా తుమ్మితే చాలు, ఆమెకు చిన్నప్పటి రోజులు గుర్తొచ్చేవి. ఎంత మంచి రోజులవి!

అప్పట్లో ఇప్పలకోనలో జలుబు చేసినవాళ్ళకు ఒక చోటు ఉండేది. ఏటికి దూరంగా, పొద్దున్నుంచీ ఎండ పడే వెడల్పాటి రాతిబండ అది. దాన్ని పడిశం బండ అనేవారు. ముక్కు కారడం మొదలైతే ఎవరైనా సరే, మారు మాట్లాడకుండా వెళ్ళి ఆ బండ మీద పడుకోవాలి. తగ్గేదాకా మందలోకి రాకూడదు, ఏట్లో మూతి పెట్టకూడదు. మిగిలినవాళ్ళు దుంపలు, లేత చిగుళ్ళు, ఆకుదొప్పల్లో నీళ్ళు తెచ్చి బండ అంచున పెట్టి, దూరం నుంచే పలకరించి పోయేవారు.

చిన్నప్పుడు జలుబు చేస్తే పొడలమ్మకు లోలోపల సంబరమే. కుందేలు పిల్ల, పంది పిల్ల, తను బండ మీద వెచ్చగా పడుకుని, మూసుకుపోయిన ముక్కులతో పాటలు పాడేవారు. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. కింద నుంచి ఎలుగవ్వ, "పాట బాగుంది గానీ, ఏ భాషర్రా అది?" అని అడిగి వాళ్ళను కడుపుబ్బ నవ్వించేది.

ఆ రోజులు పోవడానికి కారణం కొండముచ్చు తిరపన్న.

నిజం చెప్పుకోవాలి. తిరపన్న చేతిలో పనితనం ఉంది. మెడ పట్టేసినా, నడుం పట్టేసినా, అతను వెన్ను మీద ఎక్కడో వేళ్ళు ఆనించి ఒక్క నొక్కు నొక్కితే టక్కుమని మెటిక విరిగేది. కుంటుతూ వచ్చినవాళ్ళు నిటారుగా తిరిగి వెళ్ళేవారు. ఒకసారి పొడలమ్మ మెడ పట్టేసి మేత మేయలేకపోతే అతనే సరిచేశాడు. ఆ మేలు ఆమె మరిచిపోలేదు.

అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! పొగడ్తలు వినీ వినీ తిరపన్నకు కళ్ళు నెత్తికెక్కాయి. ఒక చలికాలం తుమ్ముతూ వచ్చిన ముళ్ళపందితో, "ఏ జబ్బైనా వెన్నులోనే పుడుతుంది. వెన్ను సరిగ్గా ఉంటే ముక్కు ఎందుకు కారుతుంది?" అన్నాడు. మెటికలు విరిచి పంపాడు. ముళ్ళు గుచ్చుకోకుండా ఎలా విరిచాడో అతనికే తెలియాలి.

కొన్నాళ్ళకు ముళ్ళపందికి జలుబు తగ్గింది. జలుబు ఎలాగూ తగ్గేదే. కానీ అది మాత్రం, "తిరపన్న చెయ్యి పడింది, జలుబు పోయింది" అని అడవంతా చాటింది. మేత మానుకుని బండ మీద పడి ఉండే ఓపిక ఎవరికుంది? ఒక్క నొక్కుతో అయిపోతుందంటే ఎవరికి మాత్రం చేదు? తుమ్మేవాళ్ళంతా తిరపన్న చెట్టు కింద వరస కట్టారు. పడిశం బండ చుట్టూ ముళ్ళకంపలు పెరిగాయి. అటుగా వెళ్ళినప్పుడల్లా పొడలమ్మకు దిగులేసేది. అయినా ఏమీ అనేది కాదు. తన మెడ బాగుచేసిన చెయ్యి కదా అని సర్దుకునేది.

మరుసటి చలికాలం పొడలమ్మ కూతురు పూసకు జలుబు చేసింది. పొడలమ్మ కూడా అందరిలాగే పిల్లను తిరపన్న దగ్గరికి తీసుకెళ్ళింది. అతను మెటికలు విరిచాడు. తగ్గలేదు. మళ్ళీ తీసుకెళ్ళింది. మళ్ళీ విరిచాడు. ఈసారి దగ్గు లోపలికి దిగింది. ఊపిరి తీస్తే ఈల వినిపిస్తోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. పూస పాలు తాగడం మానేసింది.

పొడలమ్మ ఇక ఆగలేదు. పిల్లను మూతితో నెట్టుకుంటూ మళ్ళీ ఆ చెట్టు కిందికే పరిగెత్తింది. అక్కడ సగం అడవి వరసలో ఉంది. ఒకరి మీద ఒకరు తుమ్ముకుంటున్నారు.

"తిరపన్నా, పిల్లకు ఊపిరి ఆడటం లేదు."

"ఇంకో మెటిక బిగుసుకుంది, అంతే. పడుకోబెట్టు."

"పోయినసారీ అదే అన్నావు కదన్నా."

"వైద్యం నువ్వు నేర్చుకున్నావా, నేను నేర్చుకున్నానా?" అని కసిరాడు తిరపన్న. ఆ వెంటనే గట్టిగా తుమ్మాడు. గబుక్కున చేత్తో ముక్కు తుడుచుకుని, అదే చేత్తో పూస వెన్ను తడమబోయాడు.

పొడలమ్మ పిల్లను వెనక్కి లాక్కుంది.

"అన్నా, నీ వెన్ను సరిగ్గానే ఉంది కదా?"

"నాకేం, ఉక్కులా ఉంది!"

"మరి నీ ముక్కెందుకు కారుతోంది?"

వరసలో ఉన్నవాళ్ళంతా తిరపన్న వైపు చూశారు. అతను గబగబా మళ్ళీ ముక్కు తుడుచుకున్నాడు. పొడలమ్మ అక్కడ నిలబడలేదు. పూసను తీసుకుని ఎలుగవ్వ గుహకు పోయింది.

ఎలుగవ్వ పూస రొమ్ముకు చెవి ఆనించి విన్నది. "ఉత్త జలుబైతే ఎండలో పడుకోబెట్టి ఓపిక పట్టమందును. ఇది రొమ్ముకు ఎక్కింది తల్లీ. నా వల్ల కాదు. ఏరు దాటి, ముదిరిన జబ్బులకు మందిచ్చే కొంగ డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. ఇప్పుడే పోవాలి" అంది.

"మా చిన్నప్పుడు జబ్బు చేస్తే అందరినీ చూసింది నువ్వే కదా అవ్వా?" అని ఏడ్చింది పొడలమ్మ.

"అందుకే, ఏది నా వల్ల కాదో నాకు తెలుసు."

ఎలుగవ్వే పూసను వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించింది. కొంగ డాక్టరమ్మ మందు పోసి, పిల్లను తన దగ్గరే ఉంచుకుంది. "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు" అని పొడలమ్మను మందలించింది. చివరికి ఒక ఉదయం పూస లేచి పాల కోసం తల్లి పొదుగు వెతుక్కుంది. పొడలమ్మ తన జన్మలో ఎన్నడూ అంతగా ఏడవలేదు.

ఇక్కడ తిరపన్న జలుబు ముదిరింది. ఒకనాడు తుమ్మిన తుమ్ముకు అతని నడుమే పట్టేసింది. తన వెన్ను తను నొక్కుకోలేడు. ఆ పని ఇంకొకరికి నేర్పనూ లేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చెట్టెక్కలేని వైద్యుడి దగ్గరికి ఇక ఎవరూ రాలేదు.

ఎలుగవ్వ ముళ్ళకంపలు పీకించి పడిశం బండ బాగుచేయించింది. జలుబు చేసినవాళ్ళు మళ్ళీ అక్కడికి చేరారు. పాటలు మొదలయ్యాయి. పొడలమ్మ దూరంగా నిలబడి వినేది. అవి పాత పాటలు కావు. తనతో పాడిన కుందేలూ లేదు, పందీ లేదు. అయినా ఆ బొంగురు గొంతులు వింటే ఆమెకు ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు చిగుళ్ళు పెట్టడానికి వెళ్ళిన పొడలమ్మకు బండ మీద ఒక మూల తిరపన్న కనిపించాడు.

"చెల్లెమ్మా, నా మీద కోపం పోయిందా?" అన్నాడతను.

"పోలేదు. నా పిల్ల ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, 'నాకు తెలియదు' అని ఒక్క మాట అని ఉంటే, అప్పుడే ఏరు దాటేదాన్ని కదన్నా!"

తిరపన్న వంగిన నడుంతోనే తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"నాకు తెలియదు చెల్లెమ్మా" అన్నాడు.

ఆ మాట అతని నోట ఇప్పలకోనలో ఎవరైనా వినడం అదే మొదటిసారి. పొడలమ్మ చిగుళ్ళు అతనికి అందేంత దగ్గరగా పెట్టి వెళ్ళిపోయింది.

నీతి: ఒక పనిలో చెయ్యి తిరిగినంత మాత్రాన అన్నీ తెలిసినట్టు కాదు. తెలియనప్పుడు తెలియదని చెప్పగలవాడే ప్రాణాలు నిలబెడతాడు.